ఈమ్ గ్రామంలో పొలిమేర రాయి దాకా: నా అనుభవం

మోకాళ్ల నొప్పులున్న అమ్మ ఇంగ్లండ్‌లో షెఫీల్డ్‌లోని మా ఇంటికి వచ్చినప్పుడు, ఎక్కువ ఎక్కుడు లేకుండా ఒక పూటలో నడిచి చూడగలిగే పాత ఊరు ఏదైనా ఉందా అని వెతికాను. చుట్టుపక్కల పీక్ డిస్ట్రిక్ట్ అంతా కొండలే కాబట్టి అలాంటివి తక్కువ. చివరికి డెర్బీషైర్‌లోని ఈమ్ గ్రామాన్ని ఎంచుకున్నాను. 1665లో లండన్ నుంచి వచ్చి పడిన ప్లేగు పక్క ఊళ్లకు పాకకుండా తమ ఊరి పొలిమేర దాటబోమని కట్టుబాటు చేసుకున్న గ్రామం అది.

హాక్‌హిల్ రోడ్డులోని పార్కింగ్ స్థలానికి ఎదురుగానే మ్యూజియం ఉంది. అందరూ ముందు అందులోకే వెళతారు గాని, దాన్ని చివరికి ఉంచుకోవడమే మేలని నా అభిప్రాయం. ఇళ్లనూ సమాధులనూ కళ్లారా చూసి వచ్చాక లోపలి పటాల మీది పేర్లు మనకు తెలిసినవారి పేర్లలా కనిపిస్తాయి. ముందే చదివితే అది వట్టి జాబితాగా మిగిలిపోతుంది.

అక్కడి నుంచి ప్రధాన వీధిలోకి దిగితే, చర్చికి పక్కనే ప్లేగు కుటీరాలని పిలిచే రాతి ఇళ్ల వరుస వస్తుంది. వాటిలో ఒకటి మేరీ కూపర్ అనే ఆమె ఇల్లు. ఆ ఇంట్లో ఉంటూ దర్జీ పని చేసే జార్జ్ వికర్స్, లండన్ నుంచి తడిసి వచ్చిన బట్టల మూటను విప్పి నిప్పు సెగకు ఆరబెట్టాడని, ఎలుకల రక్తం తాగి ప్లేగును మోసే చిన్న పురుగులు ఆ బట్టలోనే వచ్చాయని చెబుతారు. 1665 సెప్టెంబరు 7న అతన్ని పాతిపెట్టారు. కొద్ది వారాల్లోనే మేరీ కొడుకులిద్దరూ పోయారు. ఇవన్నీ ఇంటి ముందు పలక మీద రాసి ఉన్నాయి. "ఇందులో ఇప్పుడు కూడా మనుషులుంటున్నారా?" అని అమ్మ అడిగింది. ఉంటున్నారు, కిటికీలకు పరదాలు, గుమ్మం దగ్గర పూలకుండీలు ఉన్నాయి. అందువల్ల రోడ్డు మీదే నిలబడి చదువుకోవడం మర్యాద.

సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో 8వ శతాబ్దపు రాతి శిలువ, దక్షిణపు గోడ మీద 1775 నాటి నీడ గడియారం ఉన్నాయి. అయితే ఎక్కువమంది ఆగేది కాథరిన్ మాంపెసన్ సమాధి దగ్గర. ఊరి మతగురువు విలియం మాంపెసన్ పిల్లలను ముందే ఊరు దాటించాడు గాని, భార్య ఆయనతోనే ఉండిపోయి 1666 ఆగస్టులో ప్లేగుతో చనిపోయింది. కథలన్నీ మాంపెసన్‌ను నాయకుడిగా చూపిస్తాయి. నాకు మాత్రం థామస్ స్టాన్లీకి రావలసినంత పేరు రాలేదనిపిస్తుంది. మాంపెసన్ 1664లో కొత్తగా వచ్చిన యువకుడు; స్టాన్లీ అంతకు ముందు అక్కడ పనిచేసి, 1662 నాటి మత చట్టానికి తలవంచనందుకు పదవి పోగొట్టుకున్నవాడు. ఊరివాళ్లలో చాలామంది నమ్మకం ఆయన మీదే. ఆ ఇద్దరూ విభేదాలు పక్కనపెట్టి కలవకపోతే 1666 జూన్‌లో అంత కఠినమైన కట్టుబాటుకు జనం ఒప్పుకునేవారు కాదు. చర్చి మూసి ప్రార్థనలు కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో ఆరుబయట జరపాలి, ఎవరి శవాలను వారే తమ తోటలోనో పొలంలోనో పాతిపెట్టుకోవాలి, ఎవరూ పొలిమేర దాటకూడదు.

చర్చి దాటాక ఈమ్ హాల్ అనే పెద్ద ఇల్లు, దాని ఎదుట నేరస్తుల కాళ్లు బిగించే బొండకొయ్య ఉన్నాయి. అవి చూసి, వెనక్కి వచ్చి స్క్వేర్ అనే కూడలి నుంచి లిడ్‌గేట్ వీధి పట్టాం. ఆ వీధిలో రోడ్డు పక్కనే జార్జ్ డార్బీ, అతని కూతురు మేరీ సమాధులున్నాయి. ఇళ్లు అయిపోయాక దారి పచ్చిక పొలాల్లోకి పోతుంది. వాన పడితే బురద ఖాయం కాబట్టి గట్టి బూట్లు వేసుకోవాలి. అమ్మ గేట్ల దగ్గర ఆగి ఆగి నడిచినా అరగంట లోపే పొలిమేర రాయి దగ్గరికి చేరాం.

ప్లేగు తగ్గినందుకు చార్మినార్ కట్టించారన్న మాట చిన్నప్పటి నుంచి వింటూ పెరిగిన హైదరాబాదు మనిషి కాబట్టి, ఇక్కడ కూడా ఏదో పెద్ద కట్టడమే ఉంటుందని అమ్మ అనుకుంది. ఉన్నది పైన ఆరు గుంటలు తొలిచిన ఒక బండరాయి. నాణేల ద్వారా రోగం అంటకూడదని ఊరివాళ్లు ఆ గుంటల్లో వెనిగర్ పోసి డబ్బులు వేసి వెళితే, బయటివాళ్లు వచ్చి అవి తీసుకుని సరుకులు పెట్టి వెళ్లేవారు. చాట్స్‌వర్త్‌లో ఉండే డెవన్‌షైర్ ఎర్ల్ అనే ప్రభువు కూడా ఆహారం పంపించాడు. గుంటల అంచులు నున్నగా అరిగిపోయాయి. దిగువన స్టోనీ మిడిల్టన్ ఊరు ఉంది. నాలుగు అడుగులు వేస్తే దిగుడు మొదలవుతుంది. ఇంట్లో పిల్లలు జ్వరంతో మూలుగుతుంటే, కాపలా గోడ ఏదీ లేని ఈ దారిలో, ఇంత దగ్గరలో ఉన్న ఊరికి పారిపోకుండా రాయి దగ్గర నుంచే వెనుదిరిగారన్నది అక్కడ నిలబడినప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది. ముందే తప్పించుకున్నవాళ్లూ లేకపోలేదు; ఆనాటి జనాభా ఎంతన్న విషయంలో చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. మృతులు 260 మంది అన్నది వాడుకలో ఉన్న లెక్క.

తిరిగి వచ్చాక అమ్మ టీ తాగుతూ కూర్చుంది. ఊరికి తూర్పున ఎత్తు మీదున్న రైలీ సమాధులకు నేనొక్కణ్ణే వెళ్లాను. 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల వ్యవధిలో భర్తనూ ఆరుగురు పిల్లలనూ ఎలిజబెత్ హాన్‌కాక్ స్వయంగా ఈ పొలంలో పాతిపెట్టింది. మోకాళ్లు బాగున్నవారు దీన్ని వదలకూడదు. ఊరికి ఉత్తరాన పైన ఉన్న మాంపెసన్ బావి మాత్రం ఈ తేలిక నడకలో ఇమడదు.

ఆగస్టు చివరి ఆదివారం కక్‌లెట్ డెల్ఫ్‌లో స్మారక ప్రార్థన జరుగుతుంది. అది చూడాలనుకునేవారు ఆ రోజే రావచ్చు గాని, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని తీరుబడిగా నడవాలంటే వారం మధ్యలో రావడం మంచిది. మ్యూజియం తెరిచి ఉంటుందో లేదో బయలుదేరే ముందే కనుక్కోవాలి.