గుడ్డు పెంకుతో అయిదు రౌండ్లు

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టర్‌లో నా ప్రాజెక్టు ఇది: గుడ్డు పెంకులతో ఘన ఉత్ప్రేరకం (రసాయన చర్యను వేగంగా నడిపించే పొడి) తయారుచేసి, వాడేసిన నూనెను బయోడీజిల్‌గా మార్చడం. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఎగ్ రైస్ బండి అక్క రోజూ ఒక కవరు పెంకులు పక్కన పెట్టేది. ఉగ్గాని బజ్జీ అమ్మే అన్న, "పారబోసేదే కదమ్మా, తీసుకుపో" అని నూనె ఇచ్చాడు.

ఈ పనికి మామూలుగా సోడియం హైడ్రాక్సైడ్ వాడతారు. అది నూనెతో కలిపే మిథనాల్‌లో కరిగిపోతుంది, మళ్ళీ చేతికి రాదు. తర్వాత బయోడీజిల్‌ని కడగడానికి బిందెలకొద్దీ నీళ్లు కావాలి. మా ఊళ్లో బిందె నీళ్ల కోసం క్యూలో నిలబడి పెరిగినదాన్ని, నాకు ఆ నీళ్ల లెక్కే ముందు కనిపించింది. ఉత్ప్రేరకం ఘనంగా ఉంటే వడపోసి మళ్ళీ వాడుకోవచ్చు.

పెంకు దాదాపు అంతా కాల్షియం కార్బనేటే. 900 డిగ్రీల్లో కాలిస్తే కాల్షియం ఆక్సైడ్, అంటే మన గుల్లసున్నం, మిగులుతుంది. 100 గ్రాముల కార్బనేట్‌కి 56 గ్రాములు రావాలి. అంతకంటే బాగా ఎక్కువ తూగితే లోపల ఇంకా కాలలేదన్నమాట. నా మొదటి రెండు బ్యాచ్‌లూ అలాగే పోయాయి. నూనెతోనూ తిప్పలే. పదేపదే కాగిన నూనెలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరుగుతాయి, అవి సున్నంతో కలిసి సబ్బవుతాయి. ఒకరోజు ఫ్లాస్కు నిండా ముద్దే. ఆ తర్వాత ప్రతి డబ్బాలో ఆమ్లం ఎంతుందో టైట్రేట్ చేసి చూసి, తేమ పోయేదాకా వేడిచేసి, పనికొచ్చేదే తీసుకున్నాను.

మార్చికి దారిలో పడింది. 65 డిగ్రీలు, మూడు గంటలు. గ్లిజరాల్ అడుగుకి దిగి, పైన బయోడీజిల్ తేరింది. అదే పొడిని వడపోసి అయిదుసార్లు వాడాను. దిగుబడి దాదాపు తగ్గలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి చెప్పాను.

ప్రాజెక్టు చూసే మేడమ్ గ్రాఫు చూసి ఒకే మాట అడిగారు: "మూడు గంటలకి సరే, అరగంటకి ఎంత?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఉత్ప్రేరకం అవసరానికి మించి వేసి, టైమ్ కూడా ఎక్కువ ఇస్తే, అందులో సగం చచ్చిపోయినా మిగతా సగం పని పూర్తిచేసేస్తుంది. గ్రాఫు మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తుంది. చర్య సగంలో ఉన్నప్పుడు కొలిస్తేనే బలహీనత బయటపడుతుంది. మళ్ళీ మొదటినుంచి చేశాను. అరగంట లెక్కలో నాలుగో రౌండు మొదటి రౌండులో సగం కూడా రాలేదు. ఆ వారం నిద్ర సరిగా లేదు.

రెండో పరీక్ష ఇంకా టెన్షన్ పెట్టింది. అరగంటకి వేడిమీదే పొడిని పూర్తిగా వడపోసి, ఉత్త ద్రవాన్ని మళ్ళీ స్టవ్ మీద పెట్టాలి. పని చేసేది ఘనపదార్థమే అయితే చర్య అక్కడితో ఆగాలి. ఆగలేదు. అంటే కాల్షియం కొంత కరిగి ద్రవంలోకి పోతోంది, ఆ పని కొంత అదే చేస్తోంది. కాల్షియాన్ని కొలిచే ఈడీటీఏ టైట్రేషన్‌లోనూ అది తేలింది. యూరప్ ప్రమాణం ఈఎన్ 14214 ప్రకారం బయోడీజిల్ కిలోకి కాల్షియం, మెగ్నీషియం కలిపి 5 మిల్లీగ్రాములు దాటకూడదు. నాది ఎన్నో రెట్లు ఎక్కువ. మళ్ళీ నీళ్లతో కడగాల్సిందే అయితే నేను చేసిన మేలేమిటి?

ఆదివారం ఇంటికెళ్లి నాయనకి చెప్పాను. ఆయన ముప్పై ఏళ్లు ఇళ్లకు సున్నం కొట్టారు. "గుల్లసున్నం గాలికి పెడితే సచ్చిపోతాది పాపా. మేము తెచ్చిన పొద్దే నీళ్లలో ఏసేవాళ్లం" అన్నారు. నేను కాల్చిన పొడిని రాత్రంతా మామూలు సీసాలో ఉంచేదాన్ని. గాల్లోని తేమ, కార్బన్ డయాక్సైడ్ దాని ఉపరితలాన్ని అప్పటికే మూసేస్తున్నాయి. పుస్తకంలో చదివిందే, నాయన నోటివెంట విన్నాకే చేతికొచ్చింది.

ఆ తర్వాత ఫర్నేస్‌లోంచి వేడిగానే డెసికేటర్‌లోకి (తేమ చేరనివ్వని మూతపాత్ర), అక్కడినుంచి అదేరోజు ఫ్లాస్కులోకి. పెంకు పొడిని జింక్ నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి, ఆరబెట్టి మళ్ళీ కాల్చాను, రెండు ఆక్సైడ్లు కలిసి ఉంటే కాల్షియం తక్కువ కరుగుతుందని. వేడిమీద వడపోసినప్పుడు చర్య దాదాపు ఆగిపోయింది. ద్రవంలో కాల్షియం తగ్గింది, పూర్తిగా పోలేదు. అరగంట లెక్కలో పతనం నెమ్మదించింది. ప్రతి రౌండు తర్వాత మళ్ళీ 900 డిగ్రీల్లో కాలిస్తే ఇంకా బాగుండేది కానీ, అంత కరెంటు ఖర్చయ్యేదాన్ని మళ్ళీ వాడటం అనడానికి నాకు మనసొప్పలేదు. మిథనాల్‌తో కడిగి, మూడో రౌండు తర్వాత ఒక్కసారే కాల్చాను.

రిపోర్టులో మూడు గంటల గ్రాఫూ, అరగంట గ్రాఫూ ఒకే పేజీలో పెట్టాను. వైవాలో ఎక్కువసేపు ఆ పేజీ మీదే మాట్లాడారు. మిగిలిన పొడిని మైనం మూసిన చిన్న సీసాల్లో, కాల్చిన తేదీ, గంట రాసి జూనియర్‌కి ఇచ్చాను. పెంకుల కోసం ఇప్పుడు ఆ అమ్మాయి వెళ్తోంది.