ఎనిమిది చాంబర్లు, ఒకే డబ్బా

గుంటూరు, బుధవారం రాత్రి

పొద్దున ఇడ్లీ ప్లేటులో చెయ్యి ఉండగానే ఫోను. కోల్డ్ స్టోరేజీ సూపర్‌వైజర్ గారు. "ఏమ్మా, ఎనిమిదో చాంబర్ మైనస్ పది చూపిస్తోంది. లోపలికెళ్లి మిర్చి టిక్కీలు (బస్తాలు) తడిమి చూశాను, మామూలుగానే ఉన్నాయి. నీ కంప్యూటర్‌కేమన్నా చలేస్తోందా?" ఆయన నవ్వుతూనే అడిగారు. నాకు మాత్రం ఆ తర్వాత ఇడ్లీ దిగలేదు. ఆ చాంబర్లో ఉన్నదంతా తేజ రకం మిర్చి. మంచి ధర కోసం రైతులు ఏసీలో పెట్టుకున్న సరుకు.

బ్రాడీపేట నుంచి అరండల్‌పేటలో మా ఆఫీసుకి నడిస్తే పది నిమిషాలు. మెట్లెక్కేలోపే తప్పు ఎక్కడుందో తెలిసిపోయింది. తప్పు నాదే.

పోయిన వారం ఎనిమిది చాంబర్లకీ టెంపరేచర్ ట్రాన్స్‌మిటర్లు మార్చాం. పాతవి మైనస్ 20 నుంచి 80 డిగ్రీల దాకా కొలిచేవి, కొత్తవి 0 నుంచి 50. ఏదైనా పంపేది 4 నుంచి 20 మిల్లీయాంపుల కరెంటే. దాన్ని డిగ్రీల్లోకి మార్చడం మన ప్రోగ్రాం పని. 5.6 మిల్లీయాంపులు వస్తే కొత్త లెక్కలో 5 డిగ్రీలు. అదే కరెంటు పాత లెక్కలో మైనస్ 10. అంటే ఏడు చోట్ల లెక్క మార్చి ఎనిమిదో చోట వదిలేశాను.

అసలు ఎనిమిది చోట్ల ఎందుకుంది? రెండేళ్ల కిందట మొదటి చాంబర్‌కి రాసి, మిగతా ఏడింటికీ కంట్రోల్ సి, కంట్రోల్ వి కొట్టాను కాబట్టి. రాసి అంటున్నాను గానీ, మేము ప్రోగ్రాం చేసే ల్యాబ్‌వ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో రాసేదేమీ ఉండదు, అంతా గీయడమే. బ్లాక్ డయాగ్రమ్ అనే పేజీలో బొమ్మలు పెట్టి వాటి మధ్య వైర్లు లాగాలి. దశాంశాలుండే సంఖ్యల వైరు నారింజ రంగు, అవును-కాదు వైరు ఆకుపచ్చ, అక్షరాలది గులాబీ. 1986లో మొదట మెకింటాష్ మీద వచ్చిందిది, నాకంటే మూడేళ్లు పెద్దది. గీసేది కాబట్టి కాపీ కొడితే పాపం కంటికి కూడా కనిపిస్తుంది. నా డయాగ్రమ్ ఒక స్క్రీన్‌లో పట్టదు. కుడివైపుకి జరుపుతూ పోతే శంకర్ విలాస్ సెంటర్‌లో ట్రాఫిక్ లాగా నారింజ వైర్లు.

కొత్తగా చేరిన కుర్రాడు నా వెనక నిలబడి, "ఇదంతా ఒకటే కదక్కా, సబ్‌వీఐ చేసేయొచ్చుగా" అన్నాడు. ల్యాబ్‌వ్యూలో ప్రోగ్రాంని వీఐ అంటారు; ఇంకో ప్రోగ్రాం లోపల పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రాం సబ్‌వీఐ. చేరి మూడు నెలలైంది. రెండేళ్లుగా నేను చేయనిది వాడు మూడు సెకన్లలో చెప్పాడు. కొంచెం ఒళ్లు మండింది.

చేయడం తేలికే. ఒక చాంబర్ తాలూకు బొమ్మల చుట్టూ మౌస్‌తో డబ్బా గీసి, ఎడిట్ మెనూలో క్రియేట్ సబ్‌వీఐ నొక్కితే అవన్నీ కలిసి చిన్న ఐకాన్ అయిపోతాయి. డబ్బా అంచు దాటే వైర్లు తగిలే చోట్లే దాని టెర్మినళ్లు, అంటే విలువలు లోపలికీ బయటికీ పోయే దారులు. ఇక ఆ ఐకాన్‌ని ఎన్ని చోట్ల పెట్టినా లోపలి లెక్క ఒక్కటే. ఎనిమిది గుంపుల గీతల్నీ ఎనిమిది ఐకాన్లు చేశాక డయాగ్రమ్ మొత్తం ఒక్క స్క్రీన్‌లోకి వచ్చింది. ఎనిమిదో చాంబర్ కూడా 5 దగ్గరికి చేరింది. సార్ వచ్చి చూసి, "భలే స్థిరంగా ఉన్నాయే రీడింగులు" అన్నారు. నిజమే, అన్నీ దాదాపు ఒకే అంకె, కదలకుండా. అంత బాగుండేసరికి నాకే అనుమానం వచ్చింది. రెండో చాంబర్లో పొద్దున్నుంచీ సరుకు దించుతున్నారు, తలుపు తీసే ఉంది. అది మాత్రం 5 దగ్గర ఎందుకుంటుంది?

టీ కూడా తాగకుండా, కావాల్సినంత కరెంటు కచ్చితంగా ఇచ్చే క్యాలిబ్రేటర్ పట్టుకుని కూర్చున్నాను. టెస్ట్ బెంచి మీద ఏడు ఇన్‌పుట్లకి 5.6 మిల్లీయాంపులు, మూడో దానికి 12 ఇచ్చాం. 12 అంటే 25 డిగ్రీలు చూపించాలి. మూడోది 8.5 దగ్గర ఆగిపోయింది. మిగతావి 5 చూపించాల్సింది పోయి, 6.7 నుంచి 8.2 దాకా తలా ఒక అంకె ఎక్కాయి. మూడో చాంబర్ వేడిని మిగతా ఏడూ పంచుకున్నాయన్నమాట.

ఫార్ములాలో తప్పేమీ లేదు. రీడింగు ఊగకుండా ఉండటానికి నేను ఒక సగటు పెట్టాను: పాత విలువలో తొంభై శాతం, కొత్త రీడింగులో పది శాతం. పాత విలువను గుర్తుపెట్టుకునేది ఫీడ్‌బ్యాక్ నోడ్, చిన్న బాణం బొమ్మ. కాపీలుగా ఉన్నప్పుడు ఎవరి బాణం వాళ్లకుండేది, ఎవరి జ్ఞాపకం వాళ్లది. సబ్‌వీఐ చేసేటప్పుడు ఆ బాణం కూడా డబ్బాలోకి వెళ్లిపోయింది. మామూలుగా సబ్‌వీఐకి మెమరీ ఒక్కటే, ఎనిమిది చోట్ల నుంచి పిలిచినా అదే. ఒకే గరిటెని కడగకుండా ఎనిమిది గిన్నెల్లో తిప్పినట్టు, పప్పులో పులుసు, పులుసులో చారు. రెండేళ్లుగా నేను సిగ్గుపడుతున్న ఆ కాపీ పేస్టులో ఈ ఒక్క మంచి ఉందని ఇవాళే తెలిసింది.

మందు ఉంది. వీఐ ప్రాపర్టీస్‌లో ఎగ్జిక్యూషన్ కింద రీఎంట్రంట్ అని, అందులో ప్రీఎలొకేటెడ్ క్లోన్ అని పెడితే, డయాగ్రమ్‌లో ఉన్న ఒక్కో ఐకాన్‌కీ ఒక్కో మెమరీ ఇస్తుంది. పెట్టాను. మూడోది నెమ్మదిగా 25కి ఎక్కింది, మిగతావి 5 మీద నిలబడ్డాయి. అప్పటికి ఒంటిగంటన్నర. అక్కడితో ఆపేసి క్యారేజీ విప్పాల్సింది.

"ఎనిమిది ఐకాన్లెందుకక్కా, ఫర్ లూప్‌లో ఒకటి పెట్టి ఎనిమిదిసార్లు తిప్పితే పోలా?" అన్నాడు ఆ కుర్రాడు. నాకూ నచ్చింది. తిప్పాం. మళ్లీ పప్పులో పులుసే! లూప్ ఎన్నిసార్లు తిరిగినా డయాగ్రమ్‌లో ఐకాన్ ఒకటే కదా, క్లోన్ కూడా ఒకటే. ఈసారి వాడి ముఖం చూస్తే జాలేసింది. "నీది కాదులే, నేనూ ఒప్పుకున్నాగా" అని క్యారేజీలో వంకాయ కూర వాడికీ వడ్డించాను.

తిన్నాక ఆ బాణాన్నే డబ్బాలోంచి తీసేశాం. పాత సగటు ఒక టెర్మినల్ నుంచి లోపలికి వస్తుంది, కొత్త సగటు ఇంకో టెర్మినల్ నుంచి బయటికి పోతుంది. ఎనిమిది పాత సగటుల్నీ ఒక అర్రేగా, అంటే వరుసగా పేర్చిన జాబితాగా, బయట మెయిన్ లూప్ షిఫ్ట్ రిజిస్టర్ ఒక తిప్పు నుంచి తర్వాతి తిప్పుకి మోస్తుంది. సబ్‌వీఐకి ఇప్పుడు జ్ఞాపకం అనేదే లేదు, ఇచ్చింది లెక్కేసి చెప్పడమే. రీఎంట్రంట్ అక్కర్లేకుండానే మూడోది 25, మిగతావి 5. ట్రాన్స్‌మిటర్ రేంజి పై అంకె, కింద అంకె కూడా టెర్మినళ్లు చేసి రిక్వైర్డ్ అని పెట్టాను. వాటికి వైరు లాగడం మరిచిపోతే రన్ బాణం విరిగినట్టు కనిపిస్తుంది, ప్రోగ్రాం నడవనే నడవదు. రేపెప్పుడో నేనే మళ్లీ మరిచిపోతాను కాబట్టి ఈ తాళం నాకోసమే.

టెర్మినళ్ల అమరిక దగ్గర వాడు 12 గళ్ల మామూలు పద్ధతి ఎందుకు, మనకి వాడేవి తక్కువే కదా అన్నాడు. ఖాళీ గళ్లు ఉండనీ, తప్పు జరిగితే ఆ కబురు మోసే ఎర్రర్ వైరు ఎడమ కింద నుంచి వచ్చి కుడి కింద నుంచి పోవాలి, ఇంకో ఐదేళ్ల తర్వాత చూసేవాడికి కూడా అక్కడే ఉంటుంది అన్నాను. ఈ ఒక్క విషయంలో మాత్రం పెద్దరికం చూపించాను.

సాయంత్రం సైటుకి వెళ్లి కొత్త ప్రోగ్రాం ఎక్కించాను. మిర్చి యార్డు దాటేసరికి ఎప్పటిలాగే తుమ్ములు. రెండో చాంబర్ 9.4 చూపించింది, తలుపు తీసే ఉంది మరి. సూపర్‌వైజర్ గారు థర్మామీటర్ తెచ్చి పక్కన పెట్టి చూసుకుని, "ఇప్పుడు చలి తగ్గిందమ్మా" అన్నారు.

సబ్‌వీఐ ఐకాన్ మీద బొమ్మ గీయడం ఒక్కటి మిగిలింది. 32 గళ్ల పొడవు, 32 గళ్ల వెడల్పు, అంతే చోటు. ఎర్ర మిరపకాయ గీద్దామని ఇంటికొచ్చి అరగంట కూర్చున్నాను. ఫొటో తీసి వాడికి పంపితే, "మధ్యాహ్నం కూర గుర్తుగానా అక్కా?" అని మెసేజి పెట్టాడు. తొడిమ లావుగా వచ్చినట్టుంది. రేపు సరిచేయాలి.