ఫొటో 644, ఫోల్డర్ 755, అయినా 403: ఎల్ఎస్ మైనస్ ఎల్‌తో నా అనుభవం

పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాక మా సైట్‌లో అక్షరాలన్నీ వస్తున్నాయి గానీ స్లాబుల ఫొటోలు ఒక్కటీ రావడం లేదు. ఫొటో లింకు విడిగా తెరిస్తే 403 ఫర్‌బిడెన్, అంటే చూసే అనుమతి లేదని. మాది చీమకుర్తి గ్యాలక్సీ గ్రానైట్ వ్యాపారం, ఆఫీసు ఒంగోలులో. కొనేవాడు ఎక్కడో దేశం అవతల కూర్చుని ఆ నల్లరాయిలో బంగారు చుక్కలు ఎంత దట్టంగా ఉన్నాయో, గీత ఏమన్నా పడిందో ఫొటోలోనే చూసుకుంటాడు కాబట్టి ఫొటోలు లేని సైట్ మాకు ఉన్నా లేనట్టే. నేను చూసేది లెక్కలు. కానీ లైనక్స్ అంటే పారిపోని మనిషిని ఆఫీసులో నేనొక్కడినే, అందుకని ఓనర్ గారు నా టేబుల్ దగ్గరికే వచ్చి "ఏందబ్బాయ్, సాయంత్రానికన్నా వస్తాయా ఫొటోలు?" అన్నారు.

సర్వర్ పెట్టినతనికి ఫోన్ చేస్తే "777 కొట్టండి సార్, అన్నీ వచ్చేస్తాయి" అని పెట్టేశాడు. ఈ సలహా ఎవర్ని అడిగినా ఉచితంగా దొరుకుతుంది. 777 అంటే ఆ మిషన్‌లో లాగిన్ ఉన్న ప్రతి మనిషీ, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామూ ఆ ఫైల్‌ని చదవొచ్చు, మార్చొచ్చు, నడపొచ్చు అని రాసిచ్చినట్టు. పైగా దాన్నే హోమ్ ఫోల్డర్ (యూజర్ సొంత ఫోల్డర్) మొత్తానికి కొడితే ఇంకో తంటా ఉంది, పాస్‌వర్డ్ బదులు కీతో లాగిన్ అయ్యేవాళ్ల హోమ్‌లో ఎవరు పడితే వాళ్లు రాసే వీలుందని తెలిస్తే, దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ చేయించే ఎస్ఎస్‌హెచ్ ఆ కీని నమ్మదు, లోపలికి రానివ్వదు. అప్పుడు ఫొటోలు వచ్చినా నేను బయట ఉంటా. అందుకని ఏదీ మార్చకుండా ముందు ఉన్నది ఉన్నట్టు చూద్దామని టెర్మినల్ తెరిచాను.

ఫైళ్ల జాబితా చూపే కమాండ్ ఎల్ఎస్. దాన్ని ఉత్తగా కొడితే పేర్లే వస్తాయి. మైనస్ ఎల్ తగిలిస్తే ఒక్కో ఫైల్‌కి ఒక్కో వరస వస్తుంది. మా ఫొటో ఒకదాని వరస ఇలా ఉంది, చదవడానికి వీలుగా మూడేసి విడదీశాను, తెర మీద అతుక్కునే ఉంటాయి:

- ఆర్‌డబ్ల్యూ- ఆర్-- ఆర్-- 1 ఆఫీస్ ఆఫీస్ 2418733

ఆ తర్వాత తేదీ, ఫైల్ పేరు. మొదటి గీత అంటే మామూలు ఫైల్, ఫోల్డర్ అయితే అక్కడ డి ఉంటుంది, లింక్ అయితే ఎల్. తర్వాత మూడు ఓనర్‌వి (ఇక్కడ ఓనర్ అంటే ఆ ఫైల్ ఎవరి పేరు మీద ఉందో ఆ యూజర్), మధ్య మూడు గ్రూప్‌వి, చివరి మూడు మిగతా అందరివి. ఆర్ చదవడం, డబ్ల్యూ రాయడం, ఎక్స్ నడపడం, గీత ఉంటే ఆ హక్కు లేనట్టు. ఆర్‌కి 4, డబ్ల్యూకి 2, ఎక్స్‌కి 1 వేసి మూడేసి కూడితే వచ్చేదే 644. ఆఫీస్ ఆఫీస్ అంటే వరసగా ఓనర్ పేరు, గ్రూప్ పేరు. పెద్ద అంకె బైట్లలో సైజు, అది ఎంబీలలో కావాలంటే హెచ్ కూడా తగిలించాలి. తేదీ దగ్గర కొన్నిటికి టైమ్, కొన్నిటికి సంవత్సరం కనపడితే కంగారు పడక్కర్లేదు, ఆరు నెలలు దాటినవాటికి టైమ్ బదులు సంవత్సరం చూపిస్తుంది.

చాలామంది తడబడే చోటు ఇక్కడొకటి ఉంది. సిస్టమ్ మూడు గుంపుల హక్కుల్నీ కలిపి చూడదు. ఫైల్ తెరిచేవాడు ఓనర్ అయితే మొదటి మూడే లెక్క, ఓనర్ కాకుండా ఆ గ్రూప్‌లో ఉన్నవాడైతే మధ్య మూడే లెక్క, రెండూ కాకపోతేనే చివరి మూడు. ఓనర్‌కి చదివే హక్కు తీసేసి అందరికీ ఇచ్చి చూడండి, ఊరంతా చదువుతుంది, ఓనర్‌కే పర్మిషన్ డినైడ్ అని వస్తుంది. అన్ని హక్కులూ ఉన్న రూట్ యూజర్‌కి ఇవేమీ పట్టవు, అందుకే సుడోతో, అంటే రూట్ హక్కులతో తెరిచి చూసి "నాకు బాగానే వస్తుందే" అనుకోవడం వల్ల ఉపయోగం లేదు.

మా వెబ్ సర్వర్, అంటే సైట్‌ని బయటికి పంపే ప్రోగ్రామ్, ఇంజిన్‌ఎక్స్. మా సర్వర్‌లో ఉన్న లైనక్స్ రకం ఉబుంటు, అందులో అది డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా అనే యూజర్ పేరుతో ఫైళ్లు తెరుస్తుంది. ఆ యూజర్ మా ఫొటోలకి ఓనరూ కాదు, ఆఫీస్ గ్రూప్‌లోనూ లేడు, కాబట్టి చివరి మూడు చూడాలి, అక్కడ ఆర్ ఉంది. అంటే రావాలి. ఫోల్డర్‌ని ఎల్ఎస్ మైనస్ ఎల్‌డితో చూశాను, డి పెట్టకపోతే లోపలి ఫైళ్లని చూపిస్తుంది గానీ ఫోల్డర్ సంగతి చెప్పదు. అదీ 755, దోషం లేదు. ఇంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో మాత్రం ప్రతి ఫొటోకీ అదే వరస, 13: పర్మిషన్ డినైడ్.

ఫోల్డర్‌కి ఎక్స్ అంటే ఏంటో సరిగ్గా అర్థమయ్యాక ముడి విడింది. ఫోల్డర్‌ని నడపడం అనేది ఉండదు కదా, అక్కడ ఎక్స్ అంటే దాన్ని దాటి లోపలికి పోయే హక్కు. ఆర్ అంటే లోపల ఏ పేర్లున్నాయో చూసే హక్కు మాత్రమే. ఎక్స్ ఉండి ఆర్ లేకపోతే పేరు తెలిసిన ఫైల్‌ని తెరవగలం, పేర్ల జాబితా మాత్రం రాదు. ఆర్ ఉండి ఎక్స్ లేకపోతే విచిత్రంగా ఉంటుంది, ఎల్ఎస్ మైనస్ ఎల్ కొడితే పేర్లు వస్తాయి గానీ పర్మిషన్లు, ఓనర్, సైజు అన్నిచోట్లా ప్రశ్న గుర్తులే. ఫైల్ దాకా పోయే దారిలో ఉన్న ప్రతి ఫోల్డర్‌కీ ఈ ఎక్స్ ఉండాలి. యార్డులో స్లాబ్‌ని ఎవరైనా చూడొచ్చని బోర్డు పెట్టి రోడ్డు మీద గేటుకి తాళం వేస్తే చూసేదెవరు?

ఒక్కో మెట్టూ ఎల్ఎస్ మైనస్ ఎల్‌డితో చూసుకుంటూ పోవచ్చు గానీ దానికి నేమ్ఐ అనే కమాండ్ ఉంది, మైనస్ ఎల్ పెట్టి ఫొటో పూర్తి దారి ఇస్తే పై నుంచి కింద దాకా ప్రతి మెట్టు పర్మిషన్లూ ఒకేసారి చూపిస్తుంది. అన్నిటికీ పైనున్న రూట్ ఫోల్డర్ సరే, హోమ్ సరే, దాని కింద ఆఫీస్ దగ్గర ఇది:

డి ఆర్‌డబ్ల్యూఎక్స్ ఆర్-ఎక్స్ --- ఆఫీస్ ఆఫీస్

చివరి మూడూ గీతలే. 750. పాత సర్వర్ ఉబుంటు 18.04, అందులో కొత్త యూజర్‌కి హోమ్ ఫోల్డర్ 755తో వచ్చేది. 21.04 నుంచి ఉబుంటు వాళ్లు దాన్ని 750 చేశారు, ఒకరి హోమ్‌లోకి ఇంకొకరు తొంగి చూడకుండా. మాకు కొత్తగా పెట్టింది 22.04. ఫొటోలు ఎప్పట్లాగే హోమ్ కింద, స్లాబులు అనే ఫోల్డర్‌లోనే ఉన్నాయి. నిజం చెప్పాలంటే ఈ మార్పు మంచిదే, మా బిల్లులన్నీ ఆ హోమ్‌లోనే ఉన్నాయి మరి.

హోమ్‌కి అందరి వైపు ఎక్స్ ఒక్కటి ఇచ్చి 751 చేస్తే పని జరిగిపోతుంది. నాకు నచ్చలేదు. ఫొటోలు ఉండాల్సిన చోటే అది కానప్పుడు వాటి కోసం బిల్లులున్న ఇంటి తలుపు తీయడం ఎందుకని స్లాబులు ఫోల్డర్‌ని హోమ్ బయట ఉన్న ఎస్ఆర్‌వి అనే ఫోల్డర్ కిందికి మార్చి ఇంజిన్‌ఎక్స్ సెట్టింగ్‌లో దారి మార్చాను. సుడో మైనస్ యు పెట్టి డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ-డేటా పేరుతోనే ఒక ఫొటో మీద ఎల్ఎస్ కొట్టి చూసుకున్నా, వచ్చింది. సైట్‌లోనూ వచ్చాయి.

పాత ఫొటోలు కొన్ని అప్పటికీ రాలేదు. వాటి వరసల్లో ఓనర్ పేరు ఉండాల్సిన చోట 1001 అనే అంకె, పర్మిషన్లు 640. డిస్క్ మీద ఉండేది ఓనర్ పేరు కాదు, నంబరే. ఎల్ఎస్ ఆ నంబర్‌కి ఈ మిషన్‌లో పేరు వెతికి చూపిస్తుంది, దొరక్కపోతే నంబరే చూపిస్తుంది. 1001 పాత సర్వర్‌లో ఎప్పుడో పనిచేసి వెళ్లిపోయిన ఆపరేటర్ లాగిన్, కొత్తదాంట్లో ఆ మనిషే లేడు. ఓనర్‌ని మార్చే సీహెచ్‌ఓన్‌తో అన్నిటినీ ఆఫీస్ పేరు మీదికి తెచ్చి, హక్కులు మార్చే సీహెచ్‌మోడ్‌లో పెద్ద ఎక్స్ వాడి లోపలున్నవాటికన్నిటికీ ఒకేసారి హక్కులిచ్చాను. చిన్న ఎక్స్ అయితే ఫొటోలకి కూడా నడిపే హక్కు వచ్చేస్తుంది, పెద్ద ఎక్స్ అయితే ఫోల్డర్లకీ, ముందే నడిపే హక్కు ఉన్న ఫైళ్లకీ మాత్రమే ఇస్తుంది. అలా కాకుండా మొత్తానికి 644 కొడితే ఫోల్డర్ల ఎక్స్ ఊడిపోయి కథ మొదటికొస్తుంది.

సాయంత్రం ఓనర్ గారు ఫొటోలు చూసుకుని "సరే, ఇక నుంచి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరే ఎక్కించుకునేట్టు చెయ్యి, నీ చుట్టూ తిరగడం ఎందుకు" అన్నారు. దానికి ఒక గ్రూప్ చేసి సూపర్‌వైజర్ లాగిన్‌నీ ఆఫీస్ లాగిన్‌నీ అందులో వేశాను, ఫోల్డర్ గ్రూప్‌ని దానికి మార్చి 2775 పెట్టాను. ఎల్ఎస్‌లో చూస్తే మధ్య మూడింట్లో ఎక్స్ ఉండాల్సిన చోట ఎస్ కనపడుతుంది, ఇక అందులో ఎవరు కొత్త ఫైల్ చేసినా దాని గ్రూప్ ఫోల్డర్ గ్రూపే అవుతుంది. ఒకటి మాత్రం ఆయనకి ముందే చెప్పాను: ఫైల్‌ని తీసేసే హక్కు ఆ ఫైల్ పర్మిషన్లలో ఉండదు, ఫోల్డర్ డబ్ల్యూలో ఉంటుంది, అంటే సూపర్‌వైజర్ నేను పెట్టిన ఫొటోని కూడా చెరిపేయగలడు. "చెరిపితే అప్పుడు చూద్దాంలే" అన్నారు. నేను రాత్రికి బ్యాకప్ పెట్టేసి ఇంటికొచ్చా.