రైటరా, రైడరా? పిల్లలతో కూర్చుని ర్యాప్‌లో శ్లేష విప్పడం

"ఐ యామ్ అ రైటర్ విత్ నో బ్రేక్స్." ఉదాహరణ కోసం అల్లిన పంక్తి ఇది. మనం చదువుకుంటే ఒక్కటే అర్థం: తీరిక లేకుండా రాసేవాణ్ణి అని. అమెరికాలో పెరిగిన పిల్లలు పైకి చదివితే రెండోది కూడా వినపడుతుంది. అక్కడి పలుకుబడిలో రెండు అచ్చుల మధ్య వచ్చే 'ట' మెత్తబడి 'డ'కి దగ్గరవుతుంది. రైటర్, రైడర్ ఇంచుమించు ఒకటే అయిపోతాయి. విరామమనే బ్రేకుకీ బండి ఆపే బ్రేకుకీ స్పెల్లింగులు వేరు, పలుకు ఒకటే. అంటే అదే పంక్తి "బ్రేకుల్లేని బండి మీద పోతున్నవాణ్ణి" అని కూడా చెబుతోంది. మనం 'ట'ని గట్టిగా పలుకుతాం గనక ఈ చమత్కారం మన చెవికి అందదు. అందుకే ఈ పనిలో చెవి పిల్లలది, శ్లేష తెలిసిన బుద్ధి మనది. ఏ ఒక్కటి లేకపోయినా సగం పాటే దక్కుతుంది.

పాట పిల్లలనే ఎంచుకోనివ్వండి. మొదటిసారి సాహిత్యం చూడకుండా వినండి. చప్పట్లతో లెక్కపెడితే నాలుగు దెబ్బలకు ఒక బార్. మామూలుగా ఒక చరణం 16 బార్లు. నిమిషానికి 90 దెబ్బల నడకైతే అది సుమారు 43 సెకన్లు. అందులో నాలుగు బార్లే తీసుకోండి, ఒక పూటకు అంతకన్నా ఎక్కువ వద్దు. పాట మొత్తం ముందేసుకుంటే అర్థాల జాబితా తయారవుతుంది తప్ప శ్లేష చిక్కదు. పిల్లలు ఆ నాలుగు బార్లను చేత్తో కాగితం మీద రాసి, ఒకేలా మోగే చోట్ల ఒకే రంగు గీత గీయాలి. ఒక విషయం గుర్తుంచుకోండి. మన పద్యంలో ప్రాస హల్లును పట్టుకుంటుంది. ర్యాప్ ఎక్కువగా అచ్చుల వరసను పట్టుకుంటుంది. 'హోమ్ అలోన్', 'ఫోన్ జోన్' జతలో 'ఓ' మోతే ముఖ్యం. హల్లుల కోసం వెతికితే అసలు ప్రాస కనపడదు.

ఇక శ్లేష. మన ఆలంకారికులు చేసిన విభజన ఇక్కడ చక్కగా పనికొస్తుంది. పదాన్ని విరవకుండానే రెండర్థాలొస్తే అభంగం. "మై సెంటెన్స్ ఈజ్ సిక్స్‌టీన్ బార్స్" అంటే, సెంటెన్సు వాక్యమూ, కోర్టు వేసే శిక్షా. బార్లు పాట కొలతా, జైలు ఊచలూ. పదాన్ని వేరేచోట విరిస్తే వచ్చేది సభంగం. "ఐ గాట్ అ నోషన్, యూ గాట్ అ డ్రాప్" అన్నప్పుడు 'అ నోషన్' చెవికి 'అన్ ఓషన్' అవుతుంది. నాకో ఆలోచన ఉంది, నాకో సముద్రమే ఉంది. ఆ రెండో అర్థానికి తలుపు తీసింది చివరున్న 'డ్రాప్', అంటే చుక్క. ప్రతి శ్లేషకూ ఇలాంటి తాళంచెవి మాట దగ్గర్లోనే ఉంటుంది. అది చూపించలేకపోతే ఆ అర్థం మనం ఊహించుకున్నదేనేమో అని అనుమానించాలి. నెట్‌లో దొరికే వ్యాఖ్యానాల్ని కూడా ఇదే గీటురాయి మీద పెట్టండి, అవి చాలావరకు అభిమానులు రాసినవే.

పెద్దవాళ్లు ఎక్కువగా పొరబడేది వ్యాకరణం దగ్గర. 'హీ బి వర్కిన్' వినగానే తప్పు ఇంగ్లీషని దిద్దేస్తాం. అది నల్లజాతి అమెరికన్ల ఇంగ్లీషులో నియమబద్ధమైన రూపం. 'హీ వర్కిన్' అంటే ఇప్పుడు పనిచేస్తున్నాడు. 'హీ బి వర్కిన్' అంటే పనిచేస్తుంటాడు. తెలుగులోనూ ఈ తేడా ఉంది. ఈ సంగతి పిల్లలకు చెప్పి చూడండి, రెండు భాషల మీదా గౌరవం పెరుగుతుంది.

మరో పొరపాటు, పాటలోని 'నేను'ని గాయకుడి వాంగ్మూలంగా తీసుకోవడం. బీటును చంపేశానంటే అద్భుతంగా పాడానని. గొప్పలు చెప్పుకోవడం ఆ కళలో ఒక అంగం. సంస్కృతం, తెలుగు రెండింటిలోనూ తామే కవీంద్రులమని చాటడానికే మీసం పెంచామని పద్యం చెప్పిన తిరుపతి వేంకట కవుల్ని పిల్లలకు పరిచయం చేయడానికి ఇంతకన్నా మంచి సందర్భం దొరకదు.

ఒకచోట మాత్రం గట్టిగా ఉండాలి. 'ఎన్' అక్షరంతో మొదలయ్యే ఆ నిందాపదం బానిసత్వ కాలపు గాయం. నల్లజాతి గాయకులు దాన్ని తమలో తాము వాడుకోవడం వేరు, మన పిల్లలు పలకడం వేరు. పాటతో కలిసి పాడుతున్నా సరే, ఆ దెబ్బ దగ్గర మౌనంగా ఉండి తర్వాతి మాట అందుకోవడం నేర్పండి. క్లీన్ వెర్షన్ పెట్టేశాం కదా అని ఊరుకోవద్దు. అందులో మాటలు తీసేస్తారు, విషయం అలాగే ఉంటుంది.

చివరగా పిల్లలతో తెలుగులో ఒక బార్ రాయించండి. 'పాలు' తీసుకోండి: తాగేవీ, వాటా కూడా. "నా పాలు నాకివ్వు" అంటే రెండర్థాలూ నిలుస్తాయి. 'ఇవ్వు' తీసి 'పొయ్యి' పెడితే వాటా పోయి పాలే మిగులుతాయి. 'గ్లాసు' ఒక పక్కన, 'పొలం' ఇంకో పక్కన చేర్చమనండి, ఏ మాట ఏ తలుపు తీస్తుందో వాళ్లే చెబుతారు.