లంక విడిచి వచ్చినవాడికి ఏం పని చెప్పారు?

స్టార్ వార్స్ కొత్త సినిమాలు మూడింటి మీద ఎందుకింత కోపం అని అడిగితే ఒక్కో అభిమాని ఒక్కో కారణం చెబుతాడు. పాత సినిమాల హీరో లూక్ స్కైవాకర్ తన కత్తిని భుజం మీదుగా వెనక్కి గిరాటేశాడని కొందరికి మంట. పాత సినిమాల్లో చచ్చిన దుష్ట చక్రవర్తి పాల్పటీన్‌ని మళ్ళీ లేపారని కొందరికి. కొత్త సినిమాల కథానాయిక రే తల్లిదండ్రులు అనామకులేనన్నందుకు ఒకరు తిడితే, తర్వాతి సినిమాలో ఆమెని పాల్పటీన్ మనవరాలిగా తేల్చినందుకు ఇంకొకరు తిడతారు. డల్లాస్‌లో ఉండే మా తమ్ముడికీ నాకూ ఫోన్లో ఈ గొడవ ఏళ్ళ తరబడి నడుస్తోంది. వాడికి 2017లో వచ్చిన ‘ది లాస్ట్ జెడై’ అంటే ప్రాణం. వాడి బాధల్లా మూడో సినిమా గురించి. నా బాధ ఫిన్ గురించి.

చూడనివాళ్ళ కోసం కాస్త చెబుతాను. 2015 నాటి ‘ది ఫోర్స్ అవేకెన్స్’ మొదలవగానే, జాకూ అనే ఎడారి గ్రహంలో ఒక పల్లె మీదికి రాత్రిపూట ఫస్ట్ ఆర్డర్ అనే దుష్టపక్షం సైన్యం దిగుతుంది. అందరికీ తెల్ల కవచాలు, తెల్ల హెల్మెట్లు. కాల్పుల్లో ఒక సైనికుడు కూలిపోతాడు. పక్కవాడు వంగి చూస్తే, చచ్చిపోతున్నవాడు చెయ్యెత్తి వీడి మొహం అందుకోబోతాడు. ఆ నెత్తుటి వేళ్ళు తెల్ల హెల్మెట్ మీద చారలు చారలుగా అంటుకుంటాయి. ఇక అక్కణ్ణుంచి అంత గుంపులోనూ వీడెవడో మనకి తెలిసిపోతుంది. కాసేపటికి ఊరి జనాన్ని కాల్చెయ్యమని హుకుం వస్తుంది. అందరూ కాలుస్తారు, వీడు మాత్రం తుపాకీ దించేస్తాడు. ఓడలోకి తిరిగొచ్చాక హెల్మెట్ పీకేసి, ఊపిరాడనట్టు రొప్పుతుంటే వెనక నుంచి కెప్టెన్ ఫాస్మా గొంతు వినిపిస్తుంది: హెల్మెట్ తియ్యమని నీకెవరు చెప్పారు?

వీడికి పేరు లేదు, ఎఫ్ఎన్-2187 అనే నంబరు ఉంది. పసితనంలోనే ఇంట్లోంచి ఎత్తుకొచ్చి సైనికుడిగా పెంచారు. ఫిన్ అనే పేరు పెట్టింది కూడా వీడు చెర విడిపించిన పైలట్ పో డామెరాన్.

ఆ హెల్మెట్ మీది చారలు చూడగానే నా టికెట్ డబ్బులు గిట్టుబాటు అయిపోయాయి. పాత సినిమాల్లో ఆ హెల్మెట్లు ఉన్నదే వాళ్ళ మీద మనం జాలిపడకుండా ఉండటానికి. 1977 నుంచి 1983 దాకా వచ్చిన మూడింటిలోనూ స్టార్మ్‌ట్రూపర్లు గుంపులుగా వస్తారు, గురి తప్పుతారు, టపటపా పడిపోతారు. కేబుల్ టీవీలో అవి వచ్చినప్పుడల్లా మా తమ్ముడు మంచం మీద నుంచి దూకి, కాల్పులు తగిలిన ట్రూపర్‌లా అరిచి నేల మీద పొర్లేవాడు. మాకు ఇంగ్లీషు సగం కూడా అర్థమయ్యేది కాదు. జాన్ విలియమ్స్ సంగీతం, ఆ కత్తుల వెలుగు చాలు. ఆ తెల్ల డొప్పలో ఒక మనిషి ఉంటాడనీ, వాడికీ భయం వేస్తుందనీ మాకెప్పుడూ తట్టలేదు. ఇన్నేళ్ళకి ఒకడు హెల్మెట్ తీసి మొహం చూపించాడు. ఇంతకంటే మంచి ఎత్తుగడ ఇంకేముంటుంది?

ఆ సినిమా అమెరికాలో డిసెంబర్ 18న విడుదలైతే మన దగ్గర 25కి జరిపారు. 18న రెండు పెద్ద హిందీ సినిమాలు పోటీలో ఉన్నాయి మరి. ఆ వారం రోజులూ నాకు ఫోన్ చెయ్యొద్దని తమ్ముడికి గట్టిగా చెప్పాను. వాడు ఆగలేదు. “అక్కా, కథేం చెప్పను గానీ, హాన్ సోలో మాత్రం...” అని ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడంలోనే మొత్తం అర్థమైపోయింది. “పెట్టెయ్ రా ఫోను” అన్నాను. తెలిసి చూసినా, పాత సినిమాల నుంచీ ఉన్న సోలో చావు బాధ తగ్గలేదు, అది వేరే సంగతి.

మళ్ళీ చూసినప్పుడు తెలిసింది, లోపం ఇక్కడే మొదలైందని. జనం 2017 సినిమానో 2019 సినిమానో తిడతారు. నేను 2015 నుంచే లెక్క మొదలుపెడతాను. పల్లె జనాన్ని కాల్చలేక తుపాకీ దించినవాడు, ఆ కాసేపటికే పైలట్ పోతో కలిసి టై ఫైటర్ అనే యుద్ధ విమానం ఎక్కి, హ్యాంగర్‌లోని తోటి సైనికుల మీద కాల్పులు కురిపిస్తాడు. పైగా గురి కుదిరితే కేకలు, సంబరం. అవతల ఉన్నవాళ్ళు నిన్నటిదాకా వీడితో కలిసి తిన్నవాళ్ళే కదా? వాళ్ళనీ ఇలాగే ఎత్తుకొచ్చి పెంచారు కదా? ఒక్క క్షణమైనా చెయ్యి వణకదా? “సినిమా అక్కా అది, స్పీడ్ దెబ్బతింటుంది” అంటాడు తమ్ముడు. అరనిమిషం అక్కర్లేదు, ఒక చూపు చాలు. ఫిన్‌గా వేసిన జాన్ బొయేగా మంచి నటుడు, ఇవ్వమంటే ఇచ్చేవాడు.

శత్రుపక్షం విడిచి వచ్చినవాడి కథ మనకేం కొత్త కాదు. యుద్ధకాండలో విభీషణుడు నలుగురు అనుచరులతో వచ్చి ఆకాశంలో నిలబడితే ఇవతల పెద్ద సభే జరుగుతుంది. వీణ్ణి నమ్మొద్దు, గూఢచారి అయ్యుంటాడు అంటాడు సుగ్రీవుడు. అంగదుడు, జాంబవంతుడు తమ అనుమానాలు తాము చెబుతారు. హనుమంతుడు మాత్రం ఇతని మాటలో, మొహంలో కపటం లేదంటాడు. అందరిదీ విన్నాకే రాముడు అభయమిస్తాడు. చిన్నప్పుడు మా వీధి రామాలయంలో పురాణం చెప్పే శాస్త్రిగారు ఈ ఘట్టాన్ని ఒక సాయంత్రంతో వదిలేవారు కాదు, వినేవాళ్ళకీ తొందరుండేది కాదు. సొంత అన్నని వదిలి రావడం ఎంత బరువో, అలా వచ్చినవాణ్ణి నమ్మడం ఎంత కష్టమో అంతా ఆ ఘట్టంలోనే ఉంది. విభీషణుడిది ధర్మమా ద్రోహమా అని ఇప్పటికీ మనవాళ్ళు వాదించుకుంటూనే ఉంటారు. ఇంటిగుట్టు లంకకు చేటు అని సామెత కూడా ఉండనే ఉంది.

ఫిన్ దగ్గరా ఇంటిగుట్టు ఉంది. ఫస్ట్ ఆర్డర్ స్థావరమైన స్టార్‌కిల్లర్ బేస్ నాకు తెలుసంటాడు. తీరా అక్కడ దిగాక, నువ్వు ఇక్కడ చేసిన పనేంటని సోలో అడిగితే పారిశుద్ధ్యం అంటాడు. నాకూ నవ్వొచ్చింది. కానీ ఫస్ట్ ఆర్డర్ మీద పోరాడే రెసిస్టెన్స్ శిబిరంలో ఒక్కరంటే ఒక్కరు వీణ్ణి అనుమానించరు. పో పరుగెత్తుకొచ్చి కావలించుకుంటాడు, నా జాకెట్ నువ్వే ఉంచుకో అంటాడు, అంతటితో సరి. ఆ తెల్ల కవచాల చేతిలో అన్ననో కొడుకునో పోగొట్టుకున్న మనిషి ఆ గది మొత్తంలో ఒక్కరూ లేరా?

పోనీలే, మొదటిది పరిచయం, రెండోదాంట్లో విప్పుతారనుకున్నాను. రెండోదాంట్లో ఫిన్ కోమాలోంచి లేవడమే నవ్వులాటగా లేస్తాడు. ఒంటికి తొడిగిన వైద్యపు సూట్‌లోంచి నీళ్ళు చిమ్ముతుంటే కారిడార్‌లో తూలుకుంటూ వస్తాడు. తర్వాత వాణ్ణి కాంటో బైట్ అనే జూదగాళ్ళ ఊరికి తోలేశారు. లూక్ కథ విషయంలో తమ్ముడితో నాకు పేచీ లేదు. దీవిలో దాక్కున్న ముసలి గురువు చివర్లో తాను కదలకుండానే శత్రుసైన్యం ఎదుట నిలబడటం, అందరి అడుగుల కిందా ఎర్రబడుతున్న ఆ ఉప్పునేల ఆయన అడుగుకి మాత్రం ఎర్రబడకపోవడం చూసి నాకూ ఒళ్ళు జలదరించింది. అంత ఆలోచించి రాసిన రయన్ జాన్సన్ ఫిన్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు తేలిపోయాడు?

ఆలోచన లేక కాదు. ఆ సినిమాలో తీసేసిన సీన్లలో ఒకటుంది, దొరికితే చూడండి. ఫిన్‌ని ఫాస్మా, ఆమె సైనికులు చుట్టుముడతారు. అప్పుడు వాడు ఆ సైనికులతో అంటాడు: స్టార్‌కిల్లర్‌లో తలకి తుపాకీ పెట్టగానే స్థావరం చుట్టూ ఉన్న రక్షణ కవచాన్ని దించేసింది మీ కెప్టెనే. సైనికులు ఒక్కొక్కరే తల తిప్పి ఫాస్మా వైపు చూస్తారు. హెల్మెట్లే, కళ్ళు కనపడవు, అయినా వాళ్ళలో అనుమానం మొదలైందని తెలిసిపోతుంది. వాళ్ళు ఏదో ఒకటి తేల్చుకునేలోపే ఆమె తన సైనికులని తానే కాల్చేస్తుంది. ఫిన్ కథంటే ఇదీ! ఆ హెల్మెట్లతో మాట్లాడగలిగినవాడు ఈ గెలాక్సీలో వీడొక్కడే. ఆ ముక్కనే కోసేశారు. థియేటర్లో మనం చూసింది వాళ్ళిద్దరూ కొట్టుకోవడం, ఫాస్మా మంటల్లోకి పడిపోవడం.

మూడోదాని గురించి చెప్పాలంటే ఓపిక కావాలి. పాల్పటీన్ ఎలాగోలా తిరిగొచ్చాడని ఒక్క డైలాగ్‌తో తేల్చేశారు. ఆయన తిరిగొచ్చానని చేసిన ప్రకటన సినిమాలో కూడా లేదు, ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో పెట్టారు. మా అబ్బాయి ఆ గేమ్ ఆడతాడు కాబట్టి నాకంటే ముందు వాడికే తెలిసింది. సరే, అదలా ఉంచండి. ఆ సినిమాలో ఫిన్‌కి జానా అనే అమ్మాయి కలుస్తుంది. ఆమె కూడా ఒకప్పటి స్టార్మ్‌ట్రూపరే. జనాన్ని కాల్చమంటే వాళ్ళ దళం దళమంతా ఆయుధాలు కింద పడేసిందట. చూస్తూ సీట్లో ముందుకి జరిగాను. నాలా ఇంకెవరూ లేరనుకున్నవాడికి ఒక గుంపే దొరికింది! వీళ్ళ పేర్లేంటి, ఎవరెవరిని ఎక్కడి నుంచి ఎత్తుకొచ్చారు, ఇంకా లోపల ఉండిపోయినవాళ్ళ సంగతేంటి? నాలుగు మాటలయ్యాక అందరూ గుర్రాల్లాంటి జంతువులెక్కి ఓడ మీద యుద్ధానికి పోయారు. ఈసారి పాల్పటీన్ సైనికుల హెల్మెట్లు ఎర్రవి. లోపల ఎవరున్నారని ఫిన్ కూడా అడగడు. అంతకుముందు ఇసుకలో కూరుకుపోతూ, నీకు ఎప్పుడూ చెప్పని మాట ఒకటుంది అని రేతో మొదలుపెడతాడు. అదీ చెప్పకుండానే సినిమా అయిపోయింది.

నేను పనిచేసేది విశాఖలో ఒక మందుల కంపెనీలో, క్వాలిటీ విభాగం. మా దగ్గర ఒక షిఫ్టు వాళ్ళు బ్యాచ్ రికార్డు రాసి, సంతకం పెట్టి అప్పగిస్తే తప్ప తర్వాతి షిఫ్టు వాళ్ళు ఆ బ్యాచ్ ముట్టుకోరు. ఈ మూడు సినిమాలకి అలాంటి రికార్డు ఉన్నట్టు కనపడదు. డిస్నీ 2012లో 405 కోట్ల డాలర్లు పోసి లూకాస్‌ఫిల్మ్‌ని కొంది. స్టార్ వార్స్ సృష్టికర్త జార్జ్ లూకాస్ రాసిచ్చిన కథల రూపురేఖల్ని పక్కనపెట్టింది. మొదటిది జె.జె. అబ్రమ్స్‌కి, రెండోది రయన్ జాన్సన్‌కి ఇచ్చారు, ఎవరి కథ వాళ్ళది. అబ్రమ్స్ వేసిన ప్రశ్నల్ని జాన్సన్ తీసి అవతల పారేశాడు. మూడోదానికి అనుకున్న కాలిన్ ట్రెవరో 2017 సెప్టెంబర్‌లో తప్పుకుంటే మళ్ళీ అబ్రమ్స్ వచ్చి, జాన్సన్ చెప్పినవన్నీ కొట్టేసి తిరగరాశాడు. లెయా పాత్ర వేసిన క్యారీ ఫిషర్ 2016 డిసెంబర్‌లో పోవడం మాత్రం ఎవరి చేతిలోనూ లేనిది. మొదటి సినిమాకి 200 కోట్ల డాలర్లకు పైగా వస్తే మూడోదానికి దాదాపు సగమే వచ్చింది. అయినా అది కూడా 100 కోట్లు దాటింది, కాబట్టి నష్టపోయారని జాలిపడక్కర్లేదు.

2020 జనవరిలో ట్రెవరో ఇంకొకరితో కలిసి రాసిన పాత స్క్రిప్టు ఒకటి నెట్‌లోకి వచ్చింది. అందులో కొరుసాంట్ నగరంలో స్టార్మ్‌ట్రూపర్లని, జనాన్ని కూడగట్టి తిరుగుబాటు నడిపేది ఫిన్. ఆ స్క్రిప్టు మొత్తంగా గొప్పదని నేననను. కానీ ఆ ఒక్క ముక్క చదివాక చాలాసేపు వేరే పని చెయ్యబుద్ధి కాలేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో బొయేగా ఒక ఇంటర్వ్యూలో విషయం నిలదీశాడు. నల్లజాతి పాత్రని సినిమాలో ఉన్నదానికంటే చాలా ముఖ్యమన్నట్టు ప్రచారం చేసి, తర్వాత పక్కకి నెట్టెయ్యొద్దని అన్నాడు. ఇక్కడ అభిమానులకీ వాటా ఉంది. 2014లో మొదటి టీజర్‌లో ఆ కవచంలోంచి అతని మొహం కనపడగానే, నల్లవాడు ట్రూపర్ ఏంటని రచ్చ చేసినవాళ్ళున్నారు. రెండో సినిమాలో ఫిన్ వెంట ఉండే రోజ్‌గా వేసిన కెల్లీ మేరీ ట్రాన్‌ని ఎంత వేధించారంటే ఆమె 2018లో ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టులన్నీ తీసేసుకుంది. మూడో సినిమాలో రోజ్ పాత్ర ఉందో లేదో తెలియనంతగా తగ్గిపోయింది. ఆ గుంపు కూడా తమని తాము ‘నిరాశ పడ్డ అభిమానులు’ అనే చెప్పుకుంటుంది. వాళ్ళ పక్కన నన్ను నిలబెట్టొద్దు.

2023 ఏప్రిల్‌లో, డైసీ రిడ్లీ మళ్ళీ రేగా వచ్చే సినిమా తీస్తామని ప్రకటించారు. తమ్ముడు వార్త పంపితే, ఫిన్ ఉంటాడా అని అడిగాను. “ఉన్నా లేకపోయినా మొదటి రోజే వెళ్తావులే అక్కా” అన్నాడు. వెళ్ళను. పోస్టర్ మీద ఫిన్ కనపడినా నమ్మను, 2015 పోస్టర్‌లో నీలం కత్తి పట్టుకుని నిలబడింది వాడే. ముందు చూసినవాళ్ళెవరైనా, వాడు ఆ హెల్మెట్లవాళ్ళతో కూర్చుని మాట్లాడాడని చెబితే అప్పుడు టికెట్ కొంటాను. లేదంటే ఓటీటీలోకి వచ్చాక, బట్టలు మడతపెట్టుకుంటూ చూస్తాను.