లెగో పుణ్యమా అని

శనివారం. పొద్దున్నుంచి ఒకటే వాన. ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లోని ఈ బ్రాడ్‌ఫర్డ్‌కి వచ్చి ఆరేళ్లయినా, ఈ గాలివానకి గొడుగు పనికిరాదని నేనింకా ఒప్పుకోను. పదకొండింటికి రెండిళ్ల అవతలి పెద్దావిడ దగ్గరికి వెళ్లాను. ఆవిడకి ఎనభై దాటాయి. మీ మాట రికార్డ్ చేసుకుంటానని నెల రోజులుగా వెంటపడుతుంటే, "నా మాటలో ఏముంది, లవ్" అని తప్పించుకుంటూ వచ్చింది. ఇక్కడ బస్సు డ్రైవర్లు కూడా 'లవ్' అనే పిలుస్తారు. మొదటి వారం నాకు కంగారుగానే ఉండేది.

ఇక్కడి మాండలికం మాటలు పోగుచేసే ఈ పిచ్చి నాకు పట్టింది 'స్పైస్' వల్ల. కొత్తలో ఓ రోజు ఆవిడ మావాడి చేతిలో పొట్లం పెడుతూ "స్పైస్ తింటావా" అంది. పసివాడికి మసాలా ఏమిటని హడలిపోయాను. విప్పితే చక్కెర బిళ్లలు! యార్క్‌షైర్‌లో పాతకాలం వాళ్లకి స్పైస్ అంటే మిఠాయి. ఆ రాత్రే ఓ నోట్‌బుక్ మొదలుపెట్టాను.

ఇవాళ తలుపు తీస్తూనే "సైలింగ్ డౌన్" అంది. కుండపోత అని. నా ఫోన్ ఇంకా బ్యాగులోనే ఉంది.

బల్ల మీద పెట్టి రికార్డ్ నొక్కానో లేదో, ఆవిడ నిటారుగా కూర్చుని వార్తలు చదివేవాళ్ల ఇంగ్లిష్ అందుకుంది. నేనూ తక్కువ తినలేదు, పద్ధతి ప్రకారం వెళ్లాను. 1950 నుంచి 1961 దాకా లీడ్స్ యూనివర్సిటీ వాళ్లు, హెరాల్డ్ ఆర్టన్ ఆధ్వర్యంలో, ఇంగ్లండ్‌లో 313 చోట్ల ఇలాగే మాటలు సేకరించారు. ఎక్కువగా పల్లెటూళ్లు, ఎక్కువగా ముసలివాళ్లు, 1300 పైచిలుకు ప్రశ్నలు. కావలసిన మాట అడిగేవాళ్లు పలకకూడదు. చూపించో, వర్ణించో వాళ్ల నోటితోనే చెప్పించాలి. నేనూ కిటికీలోంచి చూపించి, "ఆ రెండు గోడల మధ్య సన్నటి దారిని ఏమంటారు?" అన్నాను.

"పాసేజ్."

వారం కిందటే నాతో "చెత్తడబ్బా గిన్నెల్‌లో పెట్టు" అన్న మనిషి! (అలాంటి సందునే ఇక్కడ గిన్నెల్ అంటారు. గిన్నెల్ అని తెలుగులో రాసుకున్నప్పుడల్లా నాకు సింకులో అంట్లు గుర్తొస్తాయి.)

తప్పు ఆవిడది కాదు. జగిత్యాలలో మా నానమ్మ కూడా అంతే. బ్యాంకు నుంచి ఎవరైనా వస్తే 'గిట్ల', 'ఏడికి' అన్నీ ఎక్కడ దాచేదో, రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడేది. వాళ్లు గేటు దాటగానే అన్నీ తిరిగొచ్చేవి.

ఇరవై నిమిషాలకి ఇద్దరం అలసిపోయాం. ఫోన్ ఆపేశాను. ఆవిడ టీ పెట్టడానికి లేచి, కింద లెగో ముక్కలు పరుచుకున్న మావాణ్ణి చూసి, "లేకింగ్, ఆర్ యూ?" అంది.

నాకు తెలుగు 'లేక'లా వినబడింది. ఏమన్నారని అడిగాను. ఆడుకోవడం అట. చిన్నప్పుడు స్నేహితురాలి ఇంటి ముందు నిలబడి "లేకింగ్‌కి వస్తావా" అని అరిచేవాళ్లట. అంతటితో ఆగలేదు. ఆవిడ పదిహేనేళ్లకే ఉన్ని మిల్లులో చేరింది. ఆర్డర్లు లేక ఇంటికి పంపేస్తే దాన్నీ లేకింగ్ అనే అనేవాళ్లు. "మా నాన్న లేకింగ్ అంటే ఆ వారం అమ్మ మాంసం కొనదన్నమాట," అని కెటిల్ నింపుకుంటూ చెప్పింది. ఆట, పస్తు రెండింటికీ ఒకే మాట. మళ్లీ ఫోన్ తీస్తే ఎక్కడ 'పాసేజ్' ఆవిడ తిరిగొస్తుందోనని, జేబులో ఉన్న కిరాణా బిల్లు వెనకే రాసుకున్నాను.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చాక, దగ్గర్లోని పాత మిల్లు ఊరు సాల్టెయిర్ వైపు నడిచాం. అక్కడి మిల్లులోనే జోసెఫ్ రైట్ ఏడేళ్ల వయసులో నిండిన దారపు బాబిన్లు తీసి ఖాళీవి పెట్టే పని చేశాడు. పదిహేనేళ్ల దాకా చదవడం రాదు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ప్రొఫెసరై, 1898 నుంచి 1905 దాకా ఆరు సంపుటాల ఇంగ్లిష్ మాండలిక నిఘంటువు తెచ్చాడు. ఆయన పుట్టి పెరిగింది ఈ మాటల్లోనే. నాలాగా కిటికీలోంచి వేలు చూపించి అడగాల్సిన ఖర్మ ఆయనకి లేదు.

రాత్రి లేకింగ్ పుట్టుక చూశాను. పాత నార్స్ భాషలో 'లెయ్‌కా', అంటే ఆడటం. డెన్మార్క్ వైపు నుంచి వచ్చి 866లో యార్క్‌ని పట్టుకున్న వైకింగ్‌ల భాష అది. 'లెగో' అన్న పేరు డేనిష్‌లో 'లెగ్ గాట్', అంటే 'బాగా ఆడుకో' అన్నదాని నుంచి వచ్చింది. ఆ 'లెగ్', ఈ లేకింగ్ ఒక తల్లి పిల్లలే! మావాణ్ణి లేపి చెబుదామనుకున్నాను. మా ఆయన ఊరుకోలేదు.

ఇరవై నిమిషాల రికార్డింగ్ మళ్లీ విన్నాను. గడియారం టిక్ టిక్, కిటికీ మీద వాన, శుభ్రమైన ఇంగ్లిష్. అయినా చెరపలేదు.

నోట్‌బుక్‌లో గళ్లు నింపాను. మాట: లేకింగ్. ఎవరన్నారు అన్నచోట పేరు వద్దంది కాబట్టి 'మిల్లు పిల్ల' అని రాశాను, అలాగే రాయమంది. ఎలా దొరికింది: నేల మీది లెగో వల్ల.