మొదటి బల్ల దగ్గరే ఆగిపోయింది క్యూ: 2024 మే 13 పోలింగ్ డ్యూటీలో నా అనుభవం

డ్యూటీ దిగి రెండు రోజులైంది. ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ 81 శాతం దాటిందని ప్రకటించారు. సంతోషమే. కానీ ఆ శాతం రావడానికి మా బూత్ ముందు జనం పడ్డ అవస్థలో సగం తప్పించదగ్గది. ఎలా తప్పించవచ్చో మరచిపోకముందే రాస్తున్నాను. రేపు ఎవరు ప్రిసైడింగ్ ఆఫీసరుగా (బూత్ బాధ్యత మోసే అధికారి, పి.ఓ.) వెళ్లినా, ఏ ఊళ్లో బీఎల్వోగా (ఓటరు జాబితా చూసే బూత్ లెవెల్ ఆఫీసరు) ఉన్నా పనికొస్తుంది.

మాది కోనసీమలో గోదావరి పాయ అవతల లంక. ఒకే స్కూల్లో పక్కపక్క గదుల్లో రెండు పోలింగ్ స్టేషన్లు, రెండింటికీ కలిపి ఒకే గేటు. ఒకదానికి నేను పి.ఓ.ని. నాతో ఒక ఏ.పి.ఓ. (సహాయ పి.ఓ.), నలుగురు ఓ.పి.ఓ.లు (ఇతర పోలింగ్ ఆఫీసర్లు). 12న సామాను తీసుకుని పంటు (మనుషుల్ని, బళ్లని దాటించే పెద్ద పడవ) మీద దాటి చేరాం. మర్నాడు పొద్దున్న ఐదున్నరకి అభ్యర్థుల ఏజెంట్ల ముందు మాక్ పోల్ (మిషన్ సరిచూసే ఉత్తుత్తి పోలింగ్) పెట్టాం. 50 ఓట్లకు తగ్గకుండా వేయించి, క్లోజ్ నొక్కి, రిజల్ట్ చూపించి, క్లియర్ చేశాం. వీవీప్యాట్ (ఓటు ఎవరికి పడిందో స్లిప్పు మీద అచ్చేసి చూపే మిషన్) డబ్బాలోని మాక్ స్లిప్పులు తీసి నల్ల కవరులో పెట్టి సీలు వేశాం. ఇదంతా ట్రైనింగులో చెప్పిందే కాబట్టి ఇబ్బంది లేకుండా గడిచింది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. వీవీప్యాట్‌ని కిటికీకి ఎదురుగా గానీ, బల్బు కింద గానీ పెట్టకండి. లోపలి సెన్సర్ మీద నేరుగా వెలుగు పడితే మొరాయిస్తుంది. మేము ముందు రోజు రాత్రే కిటికీ రెక్కలు మూసి, సందులకు చార్టులు అంటించాం.

ఇక అసలు లెక్కకి వద్దాం. ఉదయం ఏడు నుంచి సాయంత్రం ఆరు దాకా 11 గంటలు, అంటే 660 నిమిషాలు. బూత్‌లో 1,200 మంది ఓటర్లుంటే, 80 శాతం వస్తే 960 మంది. మనిషికి 41 సెకన్లు దొరుకుతాయి. ఈసారి ఒక్కొక్కరూ పార్లమెంటుకి ఒకటి, అసెంబ్లీకి ఒకటి చొప్పున రెండు ఓట్లు వేయాలి. వీవీప్యాట్ అద్దంలో స్లిప్పు 7 సెకన్లు కనబడుతుంది. అందుకే అందరూ ఆలస్యమంతా మిషన్ దగ్గరే అనుకుంటారు. కాదు. ఓటేసే మరుగు కంపార్ట్‌మెంట్లు రెండూ విడివిడిగా ఉంటాయి. ఒకరు అసెంబ్లీ మిషన్ దగ్గర ఉండగానే ఇంకొకరు పార్లమెంటు మిషన్ దగ్గరికి వెళ్తారు. ఆ పని దానంతట అది సాగిపోతుంది. ఆగేది మొదటి బల్ల దగ్గర, ఓటరు జాబితా మార్క్‌డ్ కాపీ (ఓటుకొచ్చినవాళ్ల పేర్లకి గుర్తు పెట్టే ప్రతి) పట్టుకుని కూర్చున్న ఆఫీసరు ముందు.

జాబితాలోని సీరియల్ నెంబరు వేసి ముందే ఇంటికిచ్చే ఓటరు స్లిప్పు చేతిలో ఉంటే ఆయన పది సెకన్లలో పేజీ తీసి పేరు పైకి చదువుతాడు, ఏజెంట్లు తలూపుతారు, ఎర్ర సిరాతో ఆ గడి మీద అడ్డగీత గీస్తాడు, ఆడవాళ్లయితే సీరియల్ నెంబరు చుట్టూ సున్నా చుడతాడు, అయిపోయింది. స్లిప్పు లేకపోతే రెండు నిమిషాలైనా పడుతుంది. ఏడున్నరకి మా లైన్లో ప్రతి నాలుగో మనిషి దగ్గరా స్లిప్పు లేదు. కొందరికి అందలేదు, కొందరు ఫోనులో ఫోటో తీసుకొచ్చారు. ఫోను లోపలికి తేకూడదు కాబట్టి ఆ ఫోటో గేటు దగ్గరే ఉండిపోయింది. స్లిప్పు ఒక్కటీ గుర్తింపు కింద చెల్లదు, ఓటరు కార్డో ఆధారో ఉండాలని ఊరంతా మైకులో చెప్పారు. దాంతో ఆధార్ తెస్తే చాలు, స్లిప్పు అక్కర్లేదని జనం అర్థం చేసుకున్నారు. ఆధార్‌లో సీరియల్ నెంబరు ఉండదు కదా!

ఒక పెద్దావిడ వచ్చింది. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, జాబితాలో అత్తింటి ఇంటిపేరు. ఊరందరికీ చిట్టెమ్మ, జాబితాలో సత్యవతి. మా ఆఫీసరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి పేజీలు తిప్పాడు. ఏజెంట్లు తలో నెంబరూ చెప్పారు. ఆవిడ బల్ల అంచు పట్టుకుని నిలబడి “ప్రతిసారీ ఏత్తానే ఉన్నాను బాబూ” అంటోంది. చివరికి ఇంటి నెంబరు, భర్త పేరు అడిగితే అర నిమిషంలో దొరికింది. పేరుతో వెతకొద్దు, ఇంటి నెంబరుతో వెతకండి. జాబితా నడిచేది ఇంటి నెంబర్ల వరసలోనే.

నన్ను తల దించుకునేలా చేసింది మాత్రం ఏఎస్‌డీ జాబితా. ఊళ్లో లేనివాళ్లు, మారిపోయినవాళ్లు, చనిపోయినవాళ్లు అని ముందే గుర్తు పెట్టి మన చేతికిచ్చే కాగితం అది. దొంగ ఓటు పడకుండా ఉండడానికి అవసరమైనదే, కాదనను. అందులో పేరున్న మనిషి ఓటుకొస్తే పి.ఓ. స్వయంగా కార్డు చూడాలి, ఏజెంట్లకు వినబడేలా పేరు చదవాలి, తనే ఆ ఓటరునని డిక్లరేషన్ రాయించాలి, 17ఏ రిజిస్టర్లో (ఓటేసేవాళ్లంతా సంతకం పెట్టే పుస్తకం) సంతకంతో పాటు వేలిముద్ర కూడా తీసుకోవాలి. ఎంత చురుగ్గా చేసినా ఐదారు నిమిషాలు. మా ఊరి జాబితాలో ‘మారిపోయారు’ అని రాసినవాళ్లలో చాలామంది ముందు రోజు రాత్రే హైదరాబాద్ నుంచి బస్సు దిగారు. సంక్రాంతికి వచ్చినట్టు వచ్చారు. తాపీ పని చేసుకునే ఒకాయన గంటన్నర లైన్లో నిలబడి లోపలికొచ్చాడు. డిక్లరేషన్ రాసి సంతకం పెట్టాడు. వేలిముద్ర కోసం స్టాంప్ ప్యాడ్ ముందుకు జరిపితే చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “నేను దొంగనా మేష్టారూ? సంతకం చేశాను కదండీ, మళ్లీ వేలిముద్రెందుకు?” అన్నాడు. వెనకాల వాళ్లావిడ, లైన్లో సొంత ఊరివాళ్లు. నా దగ్గర జవాబు లేదు. రూలు చూపించాను, వేశాడు. ఇంకేం మాట్లాడకుండా రెండు ఓట్లూ వేసి వెళ్లిపోయాడు.

ఆ జాబితా రాసినవారు ఆ ఇంటి గడప తొక్కలేదని నా నమ్మకం. అరుగు మీద కూర్చుని “వాళ్లు హైదరాబాద్‌లో ఉంటారుగా” అన్న మాట విని రాసేసినట్టుంది. కూలికి, మేస్త్రీ పనికి వెళ్లి ఏటా ఇంటికొచ్చేవాడు ఊరు విడిచిపోయినవాడు కాడు. తాత్కాలికంగా బయట ఉన్నంత మాత్రాన నివాసం పోదని 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్లోనే ఉంది. ఇంటికి తాళం ఉంటే మళ్లీ వెళ్లాలి, పక్కింటివాళ్లని ఫోన్ నెంబరు అడగాలి. ట్రైనింగులో మూడు గంటలూ మిషన్ గురించే చెప్పినవారు ఈ ముక్క ఒక్కసారి చెప్పి ఉంటే ఎంతో బాగుండేది.

తొమ్మిది దాటాక పద్ధతి మార్చాం. బీఎల్వో హెల్ప్ డెస్క్ మా గది గుమ్మం పక్కన ఉండేది. గంట నిలబడ్డాక అక్కడికొచ్చి “నీది పక్క బూత్” అనిపించుకుంటే ఎవరికి మాత్రం మండదు! బల్లని గేటు దగ్గరికి జరిపించాను. అక్షరక్రమం జాబితా, ఓటరు కార్డు నెంబరు కొట్టి చూసే యాప్ రెండూ అక్కడే. సీరియల్ నెంబరు చిన్న కాగితం మీద రాసి ఇచ్చాకే లైన్లోకి పంపడం. మా బూత్‌కి పసుపు కాగితం, పక్క బూత్‌కి తెల్ల కాగితం. ఏఎస్‌డీలో ఉన్నవాళ్లని అక్కడే గుర్తించి, విడిగా బెంచీ మీద కూర్చోబెట్టి డిక్లరేషన్ ముందే రాయించాం. లోపల నా పని కార్డు చూడడం, వేలిముద్ర వేయించడం వరకే మిగిలింది. మార్క్‌డ్ కాపీకి ప్రతి వంద నెంబర్లకీ ఒక కాగితం చీటీ అంటించాం. పదిన్నరకల్లా లైను కదిలింది. ఇవన్నీ 12వ తేదీ సాయంత్రమే చేసుకోవాల్సినవి.

కృత్తిక కార్తె ఎండ సంగతి గోదావరి వాళ్లకి చెప్పక్కర్లేదు. మాకిచ్చింది ఒకే షామియానా. లైన్ తిన్నగా నిలబెడితే సగం మంది ఎండలోనే ఉంటారు. వెదుళ్లు పాతి, కొబ్బరి తాడు కట్టి, లైన్‌ని మూడు మడతలు తిప్పాం. మిగిలిన చోట ఊరి కుర్రాళ్లు కొబ్బరి మట్టలు పరిచి పందిరి వేశారు. మగవాళ్లకీ ఆడవాళ్లకీ వేరే లైన్లు, ఒక మగ మనిషిని పంపితే ఇద్దరు ఆడవాళ్లని పంపాం. వయసు మళ్లినవాళ్లకి, వికలాంగులకి లైను లేదు. మంచినీళ్ల కుండ లైన్ చివర కాదు, మధ్యలో ఉండాలి. దాహానికి పక్కకెళ్తే చోటు పోతుందని ఆడవాళ్లు కదలరు.

ఆరింటికి లైన్లో ఇంకా నూట ఇరవై మంది దాకా ఉన్నారు. గేటు మూయించి నా సంతకంతో నెంబరు చీటీలు ఇచ్చాను. ఒకటో నెంబరు చిట్టచివర నిలబడ్డవారికి ఇవ్వాలి, అక్కణ్ణుంచి ముందుకి రావాలి. ముందు నుంచి మొదలుపెడితే మీరు చివరికి చేరేలోగా తోక పెరుగుతూనే ఉంటుంది. మిషన్లు వాటి బ్యాటరీతోనే నడుస్తాయి గానీ, కరెంటు పోతే మార్క్‌డ్ కాపీ కనబడదు. ఎమర్జెన్సీ లైట్లు రెండు తప్పనిసరి. తొమ్మిది దాటాక ఆఖరి ఓటు పడింది. 17ఏ రిజిస్టరుకీ, రెండు కంట్రోల్ యూనిట్లలో (ఓట్లు నమోదయ్యే మిషన్ భాగం) దేని టోటల్‌కీ ఒక్క ఓటు తేడా రాలేదు. ఆరుగురం కలిసి చేసిన ఆ పని గురించి గర్వంగానే చెప్పుకుంటాను. 17సీ (పడ్డ ఓట్ల లెక్క ఫారం) కాపీలు ఏజెంట్లకిచ్చి, సీళ్లు వేసి, పంటు ఎక్కేసరికి అర్ధరాత్రి.

బయట ఊళ్లలో పనిచేసేవాళ్ల ఇళ్లవారికి ఒక మాట. బీఎల్వో వచ్చినప్పుడు “మావాడు ఇక్కడ ఉండడండీ” అని ఊరుకోకండి. పనికెళ్లాడని, ఓటుకి వస్తాడని చెప్పి ఫోన్ నెంబరు రాయించండి. నిజంగానే అక్కడే స్థిరపడిపోతే ఫారం 8 పెట్టి ఓటు అక్కడికి మార్చుకోండి. నోటిఫికేషన్ వచ్చాక కాదు, జాబితా ముసాయిదా ప్రకటించినప్పుడే గ్రామ సచివాలయానికి వెళ్లి పేరు, ఇంటి నెంబరు చూసుకోండి. స్లిప్పు ఇంటికి రాగానే ఆధార్ కార్డు వెనకాల సీరియల్ నెంబరు పెన్సిల్‌తో రాసి ఉంచుకోండి.